మొదలు కోసిన పిలుపు

"బూట్లక్కడే విప్పు. కాళ్ళు కడుక్కుని రా," అంది ఇందుమతి.

అని, చేతిలో గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కింద వీధి తలుపు ధడేలుమన్న మాట నిజమే. వచ్చినవాళ్ళు రెండో అంతస్తు జర్మన్ పిల్లలు. వాళ్ళింట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఈ ఇంటికి రావలసిన పిల్ల పూర్ణిమ, అయిదేళ్ళది, మెదడువాపు జ్వరమొచ్చి పోయి మూడేళ్ళు దాటింది. మరి ఈ మాట ఎవరితో అన్నట్టు?

ముందుగదిలో పేపరు చదువుతున్న గోపీనాథ్ తలెత్తి భార్యని చూసి, మళ్ళీ తల దించేసుకున్నాడు. ఇది అతనికి కొత్త కాదు. కొన్ని నెలలుగా ఆమె ఇలాగే అంటోంది.

"ఏమండీ, నేనిప్పుడు ఏమన్నాను?"

"బూట్లు విప్పమన్నావు."

"ఎందుకన్నాను?"

గోపీనాథ్ పేపరు తిరగేశాడు.

అసలు ఈ మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. పశ్చిమ జర్మనీలో వూపర్టాల్ అనే ఊరు, ఏడాదిలో సగం రోజులు మేజోళ్ళు బిగించుకుని తిరిగే చలి, అక్కడ పిల్ల కాళ్ళకి మట్టెక్కడిది? కాకినాడలో ఇందుమతి తల్లి వీధి గుమ్మంలో నీళ్ళ గోలెం పెట్టి, బయటినుంచి వచ్చిన ప్రతి పిల్లనీ ఈ మాటతోనే ఆపేది. అదే మాట కూతురితోపాటు విమానమెక్కి వచ్చి ఈ నాలుగో అంతస్తు వాటాలో కాపురం పెట్టింది. పూర్ణిమ బడినుంచి వచ్చి మెట్ల కింద నిలబడి "అమ్మోయ్" అని కేకేసేది. ఇందుమతి పైనుంచి ఈ మాట అనేది. రోజూ వాళ్ళిద్దరి భాగోతం అదే.

ఇప్పుడు ఆ కేక ఇందుమతికి గుర్తులేదు. ఏమని పిలిచేదో తెలుసు, ఎలా పిలిచేదో తెలియదు. పిల్ల మొహం కళ్ళకి కట్టినట్టుంది, ముక్కు చీదుకునే తీరు గుర్తుంది, ఆ కేక మాత్రం ఎంత తడిమినా చేతికి తగలదు. కన్నతల్లికి ఇంతకన్నా నరకం ఏముంటుంది? మూడేళ్ళయింది కదా, మరుపు వచ్చేసిందేమో, నేనెంత పాపిష్టిదాన్ని అని తనని తానే తిట్టుకునేది. అది మరుపు కాదని అప్పటికి ఆమెకి తెలియదు.

*

ఎకార్ట్ ఫెన్‌స్కె సంగీతం మీరు వినకపోతే మీకొచ్చిన నష్టమేమీ లేదనేవాడు గోపీనాథ్. "అదేం సంగీతం ఇందూ? తాళం లేదు, పల్లవి లేదు. మన ఫ్రిజ్ ఇంతకన్నా బాగా పాడుతుంది," అని వేళాకోళం చేసేవాడు. రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు అతను. సంగీతమంటే ఘంటసాల పాటలాగా ఒకచోట మొదలై ఒకచోట ముగియాలని అతని నమ్మకం.

ఫెన్‌స్కె తండ్రి చర్చి ఆర్గన్లు బాగుచేసే మేస్త్రీ. ముందు తండ్రి స్వరాలు సరిచూసుకుంటూంటే, వెనక చీకట్లో నిలబడి ఆర్గన్‌కి గాలినిచ్చే తోలు తిత్తులు తొక్కడం పిల్లాడి పని. వాడికి వినపడింది స్వరాలు కాదు, తిత్తుల ఊపిరి. పెద్దయ్యాక, మూతబడిన రిబ్బన్ల మిల్లులో ఒక గది అద్దెకు తీసుకుని, పాత టేపురికార్డర్లు పెట్టుకుని, ఆ ఊపిరిలాంటి సంగీతమే చేయసాగాడు. మొదలూ తుదీ లేకుండా, గది అంతా మెల్లగా పరుచుకునే శబ్దం. మొదట్లో జర్మన్లే నవ్వారు. పోనుపోను ఆస్పత్రుల్లో ఆయన రికార్డులే, నిద్రపట్టనివాళ్ళ ఇళ్ళల్లో ఆయన రికార్డులే. సరిగ్గా పేరొచ్చే వేళకి చెవులు పోయాయి. సంగీతకారుడికి చెవుడు! దేవుడి హాస్యం ఒక్కోసారి మరీ మోటుగా ఉంటుంది.

చెవులు పోయినా తలలో శబ్దాలు పోలేదంటూ ఆయన ఇందుమతి లాబొరేటరీకి వచ్చాడు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ కోసం ఆమె ఒక యంత్రం కడుతోంది. తీగల టోపీ తలకి పెట్టుకుని, ఒక శబ్దాన్ని మనసులో గట్టిగా తలుచుకోవాలి. మెదడులో కదిలే విద్యుత్తును యంత్రం పట్టుకుని టేపు మీదికి ఎక్కిస్తుంది. అప్పటిదాకా రోగులనుంచి గురగుర తప్ప ఏమీ రాలేదు. ఫెన్‌స్కె టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకోగానే స్పీకరులోంచి తోలు కిర్రుమంది. గాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. మధ్యలో ఒక చిన్నపిల్లాడు రొప్పుతున్న చప్పుడు కూడా. ఆయనకి వినపడదు కదా, స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించి, అంత పెద్దమనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

యంత్రానికి 'బ్రున్నెన్' అని పేరు పెట్టింది కూడా ఆయనే. అంటే బావి.

"ఊట ఉన్న బావి ఎంత తోడినా తరగదంటారు మా ఊళ్ళో," అంది ఇందుమతి సంబరంగా. ఆయన ఆమె పెదవులు చదివి నవ్వాడు.

ఒకరోజు ఆమెని మిల్లుకి పిలిచి తన పనితనం చూపించాడు. పియానో మెట్టు ఒకటి నొక్కి టేపు మీద పట్టాడు. ఆ టేపుని వేళ్ళతో ముందుకీ వెనక్కీ జరుపుతూ, మీటరు ముల్లు ఎక్కడ లేస్తోందో చూసి, బ్లేడుతో కోసి, మొదటి ముక్క తీసేసి, మిగిలింది వినిపించాడు.

"ఏమిటిది, చెప్పండి?"

"హార్మోనియం... కాదు, వేణువా?"

"పియానోయే! మీ ఎదురుగానే కదా నొక్కాను," అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు ఫెన్‌స్కె. "ఎవరు ఏమిటన్నదంతా మొదటి దెబ్బలోనే ఉంటుంది డాక్టర్ గారూ. సుత్తి తీగని తాకిన ఆ క్షణం కోసేస్తే పియానో పేరు పోతుంది. పేరు పోయాకే అది అందరిదీ అవుతుంది. నేను చేసే సంగీతమంతా ఇంతే. మొదళ్ళు కోసేస్తాను."

కోసిన ముక్కని బల్లకింద వేలాడుతున్న గుడ్డసంచిలో పడేశాడు. సంచి నిండా అలాంటి ముక్కలే, గోధుమరంగు పేలికలు.

"పారెయ్యరా వీటిని?"

"ఆర్గన్ మేస్త్రీ కొడుకుని. మా నాన్న గొట్టాల సీసం రజను కూడా ఊడ్చి దాచేవాడు."

*

బ్రున్నెన్‌తో చేసిన మొదటి రికార్డు ఆయన్ని ఎక్కడికో తీసుకెళ్ళింది. రెండోది ఇంకా పైకి. తల్లి పొయ్యిలో బూడిద జల్లెడపట్టిన చప్పుడు, యుద్ధం ముగిసిన రోజు వీధిలో వినపడిన చప్పుడు, తొలిసారి ప్రేమించిన పిల్ల సైకిలు గంట, ఒక్కొక్కటీ తోడి టేపుకెక్కించాడు, మొదలు కోశాడు, సాగదీశాడు. ఒక రేడియో అమ్మాయి వచ్చి పలక మీద ప్రశ్న రాసింది: మీ నాన్నగారి తిత్తుల ఊపిరి ఇప్పటికీ మీ మనసులో వినపడుతుందా?

"లేదమ్మా. రికార్డు అయిపోయింది కదా. పూర్తయిన పని నాలో ఉండదు. ఎప్పుడూ అంతే."

ఎంత గొప్పగా చెప్పాడని అందరూ ఆహా అన్నారు. పక్కనే ఉన్న ఇందుమతి కూడా తలూపింది. శాస్త్రం చదువుకున్న మనిషి, ఆమె అక్కడ ఆగి ఉండవలసింది. కానీ కళాకారులు పని ముగిశాక మనసు ఖాళీ అయిందని అంటూనే ఉంటారు, ఎవరు పట్టించుకుంటారు? చెవిటివాడు కాబట్టి, రికార్డు పెట్టుకుని విని, ఇది నాదేనా అని పోల్చుకునే వీలు ఆయనకి ఎటూ లేదు.

తరవాతి రికార్డుకి కూర్చున్నప్పుడు బావి ఎండిపోయింది. ఫెన్‌స్కె కణతలు నొక్కుకుని గంటలు గంటలు కూర్చున్నా టేపు మీద సన్నటి ఇసుక చప్పుడు తప్ప రాలేదు.

"ముసలితనం," అని నవ్వేశాడు ఆయన.

ఇందుమతికి ఆ రోజుల్లోనే ఒక భయం పట్టుకుంది. పూర్ణిమ కేక తన తలలో పలచబడుతోంది. పొద్దున్న లేవగానే ఒకసారి తలుచుకునేది, ఉందో లేదో చూసుకునేది. ఉంది, కానీ నిన్నటంత లేదు. బతికుండగా ఆ పిల్ల గొంతు పట్టిపెట్టాలని ఎవరికి తోచింది? ఫోటోలు తీశారు, అంతే. పూర్తిగా అరిగిపోకముందే టేపు మీదికి ఎక్కించేస్తే, ఇక ఎప్పటికీ పోదు కదా! భర్తకి చెప్పలేదు. పిల్ల ఊసెత్తితే చాలు, అతను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాడు.

"ఇది మీ రికార్డు కోసం కాదు ఫెన్‌స్కె గారూ, నాకోసం. ఉన్నదున్నట్టు ఉంచండి," అని మరీ చెప్పి టోపీ పెట్టుకుంది.

ఆయన సరేనన్నాడు. మనసారానే అన్నాడు. కానీ చేతులకి చెవులుంటాయా?

ఆమె కళ్ళు మూసుకుని మెట్ల కింద పిల్లని నిలబెట్టింది. మీటరు ముల్లు ఎగిరిపడింది. బ్రున్నెన్ కింద కూర్చున్నవాళ్ళకి మత్తుగా నిద్రొచ్చేది, ఆమెకీ వచ్చింది. లేచేసరికి టేపు సిద్ధంగా ఉంది. వినిపించమంది. సీసా మూతి దగ్గర గాలి ఊదినట్టు 'ఓ' అని ఒక శబ్దం లేచి, మెట్ల గోడలకి తగిలి, చివర కాస్త పైకి లేచి ఆగింది.

"ఇది కాదు," అంది ఇందుమతి.

అసలు కేక ఎలా ఉంటుందో పోల్చి చూసుకుందామని తలుచుకుంది. ఏమీ రాలేదు. అలసటేమో అనుకుంది.

"ఇది మా పిల్ల గొంతు కాదు. యంత్రం ఎక్కడో తప్పింది. మీకు పనికొస్తే మీరే వాడుకోండి," అని కోటు తగిలించుకుని వచ్చేసింది.

ఫెన్‌స్కె దాని నకలు తీసి, సాగదీసి, 'రాక' అని రికార్డు విడుదల చేశాడు. ఆయన చేసినవాటిలో అదే గొప్పదన్నారు. అది విని రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఏడ్చారట. ఆయన ఇందుమతికి ఒకటి పంపాడు. ఆమె విని, బాగుంది అనుకుని, అలమరలో పెట్టింది.

*

ఇందుమతి గరిట పట్టుకుని నిలబడిపోయిన ఆ వారమే, శనివారం గోపీనాథ్ క్షవరానికి వెళ్ళాడు. పోయినవాడు పోయినట్టే పరిగెత్తుకొచ్చాడు. తలకి ఒకవైపు జుట్టు కత్తిరించి ఉంది, రెండోవైపు లేదు, మెడ చుట్టూ మంగలి కట్టిన తెల్లగుడ్డ అలాగే ఉంది. నాలుగు అంతస్తులూ ఎక్కి గుమ్మం పట్టుకుని రొప్పాడు.

"ఏమైందండీ? ఏమిటా వేషం?"

"పున్ని... రేడియోలో మన పూర్ణిమ పిలుస్తోంది, ఇందూ."

ఇందుమతి, మనిషికి మతి చలించిందనే అనుకుంది. అతను అలమర తెరిచి, రికార్డులన్నీ కిందకి లాగి, 'రాక' తీసి పెట్టాడు. ఇంటినిండా ఆ శబ్దం నెమ్మదిగా పరుచుకుంది. గోపీనాథ్ వేలు పైకెత్తి నిలబడ్డాడు.

"ఇదుగో, ఇక్కడ. చివర పైకి లేపుతుంది చూడు, నువ్వు పలకలేదని కోపం వచ్చినట్టు. ఇదే కదా?"

"ఏదండీ?"

"నీకు తెలియడంలేదా? నువ్వేనా దాని అమ్మవి?"

ఎంత మాట అనేశాడు! అన్న మరుక్షణం అతనే నాలిక కరుచుకున్నాడు. ఇందుమతి మాత్రం కోపం తెచ్చుకోలేదు. మెల్లగా కుర్చీలో కూర్చుంది. పూర్తయిన పని నాలో ఉండదు. ఎండిన బావి. సన్నటి ఇసుక చప్పుడు. ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి.

ఒక జ్ఞాపకాన్ని తలుచుకున్నప్పుడల్లా మెదడు దాన్ని బయటికి తీసి, చూసుకుని, మళ్ళీ లోపల దాచుకుంటుంది. ఆ దాచుకునే లోపే బ్రున్నెన్ దాన్ని లాగేసుకుంటోంది. నకలు తీయడం లేదు. ఎత్తుకుపోతోంది. ఊట ఉందనుకుంది తను, జ్ఞాపకానికి ఊట ఎక్కడుంది?

ఇదంతా భర్తకి ప్రయోగం గురించి చెప్పినట్టే చెప్పింది. అంతా అయ్యాక, "నా చేతులతో నేనే తోడేశానండీ దాన్ని," అని అప్పుడు బావురుమంది.

గోపీనాథ్ మెడలో గుడ్డతోనే ఆమె మొహం తుడిచాడు. జుట్టు ముక్కలు ఆమె బుగ్గలకి అంటుకున్నాయి.

"ఆ టోపీ నాకు పెట్టు. నా దగ్గరుంది కదా ఆ కేక. ముక్క కూడా పోలేదు. నువ్వు విందువుగాని."

"పెడితే మీ దగ్గర ఉండదు."

"నీ దగ్గరుంటుంది కదే!"

"నా దగ్గర ఉండేది టేపండీ. మీ దగ్గరున్నది పిల్ల. వద్దు. మీరు కూడా మర్చిపోతే అది ఇక ఎక్కడుంటుంది?"

అతను బాల్కనీలోకి వెళ్ళలేదు. మూడేళ్ళలో అదే మొదటిసారి. ఆమె పక్కనే కూర్చున్నాడు.

"రోజూ నువ్వు బూట్లు విప్పమంటావే, దానికి ముందు నాకు దాని కేక వినిపించేది ఇందూ, మనసులో. నీక్కూడా వినిపించే అంటున్నావనుకున్నాను. అందుకే ఎప్పుడూ ఏమీ అనలేదు."

*

మర్నాడు ఇద్దరూ వేలాడే రైలెక్కి మిల్లుకి వెళ్ళారు. ఊరి మధ్య నది, నది మీద ఇనప కమ్మీలకి కిందకి వేలాడుతూ పోయే రైలు అది. పూర్ణిమకి అదంటే ప్రాణం. గోపీనాథ్ దారంతా కిటికీలోంచి నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. కత్తిరించని సగం జుట్టు దాచుకోవడానికి ఉన్ని టోపీ పెట్టుకున్నాడు.

ఫెన్‌స్కె ఇందుమతి పెదవులు చూస్తూ అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి చెయ్యి ఎత్తి ఆపాడు. కళ్ళు మూసుకున్నాడు. తండ్రి తిత్తులు తలుచుకుంటున్నాడని వాళ్ళకి అర్థమైంది. తరవాత బూడిద జల్లెడ. సైకిలు గంట. మొహంలో రంగు ఒక్కో మెట్టూ దిగిపోయింది.

"ఒక్కటీ లేదు," అన్నాడు చివరికి. "నేను పనిమంతుణ్ణి కాబట్టి మనసు తేలికైందనుకున్నాను. మా అమ్మని అమ్ముకుంటే తేలికైందని తెలియలేదు డాక్టర్ గారూ."

ఇందుమతికి ఆయన మీద కోపం రావాలి. వస్తుందనుకునే బయల్దేరింది. చెవుల్లో చప్పుడు లేదు, తలలో చప్పుడు లేదు, అలాంటి మనిషి మీద కోపం ఎలా తెచ్చుకుంటారు? ఆమె చూపు బల్లకిందికి పోయింది.

"ఉన్నదున్నట్టు ఉంచమన్నాను ఫెన్‌స్కె గారూ. ఆ రోజు మీరు బ్లేడు తీశారా?"

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. వంగి గుడ్డసంచి విప్పి బల్ల మీద పెట్టాడు. పూర్ణిమ టేపు తరవాత ఆయన ఇంకేదీ కోయలేదు, బావి ఎండిపోయింది కదా. పైనే ఉన్న ముక్క, జానెడు టేపు, అదే అయి ఉండాలి. అలమరలోంచి అసలు రీలు తీసి, ముక్కని దాని మొదట్లో పెట్టి అతికించబోయాడు. చేతులు ఆగడం లేదు.

"ఇలా ఇవ్వండి," అని గోపీనాథ్ అందుకున్నాడు. రంగుల కొలతలు చూసే చెయ్యి, వణకదు. అతుకు వేసి, గోటితో రుద్ది, రీలు యంత్రానికి ఎక్కించాడు. ఫెన్‌స్కె స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. ఇందుమతి చీరచెంగు చేతిలో ఉండచుట్టి కిటికీ దగ్గర నిలబడింది.

టేపు తిరిగింది.

"అమ్మోయ్!"

గోపీనాథ్ రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు.

ఇందుమతి విన్నది. స్పష్టంగా, మొదలూ తుదీ ఉన్న కేక. మెట్లకిందినుంచి ఎవరో చిన్నపిల్ల వాళ్ళమ్మని పిలుస్తోంది. ముద్దుగా ఉంది గొంతు. కానీ ఎప్పుడూ విన్న గొంతు కాదు. వీధిలో ఏ ఇంటి పిల్లైనా కావచ్చు. తన లోపల ఎక్కడా ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. ఆ సంగతి భర్తకి చెప్పేయాలి, దాచి లాభం లేదు. చెప్పడానికే నోరు తెరిచింది.

"బూట్లక్కడే విప్పు. కాళ్ళు కడుక్కుని రా."

ఆ మాట అన్నది తనేనని తెలియడానికి ఆమెకే కాసేపు పట్టింది. యంత్రం పిలుపుని ఎత్తుకుపోయింది గాని, జవాబు జోలికి పోలేదు. ఇన్ని నెలలూ అది పిలుపు కోసం ఆమె నోట్లో కాచుకుని ఉంది.

గోపీనాథ్ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వినిపిద్దామని రీలు వెనక్కి తిప్పబోయాడు. ఇందుమతి అతని చెయ్యి పట్టుకుంది. ఆమె చూపు గుమ్మం మీదే ఉంది.

"ఉండండి," అంది. "ఇంకా కాళ్ళు కడుక్కుంటోంది."